మీటరు మీద నింద వేసే ముందు: కారు మీటర్ బోర్డులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

కనకదుర్గ వారధి మధ్యలో నా బండి ఆగిపోయిన రోజున పెట్రోలు ముల్లు సగం దగ్గర నిటారుగా నిలబడి ఉంది. ట్యాంకులో మాత్రం చుక్క లేదు. పక్కకు తోసుకుని, క్యానుతో పెట్రోలు తెచ్చి పోసి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన తాళం ఒక్కసారి తిప్పి చూసి, "మీటరు పోయిందండీ, బోర్డు మార్చేయాల్సిందే" అన్నాడు. నమ్మాను. ఆటోనగర్‌లో అదే మోడల్ పాత బోర్డు వెతికి 1,800కి కొని బిగించుకుంటే, అదీ అంతే ధీమాగా సగం చూపించింది. చివరికి వెనక సీటు ఎత్తి, పెట్రోలు ఎంతుందో కొలిచే ట్యాంక్ యూనిట్ బయటికి తీస్తే అసలు సంగతి తెలిసింది: పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కడ్డీ వంగిపోయి పక్కనున్న పైపుకు ఇరుక్కుంది. రెండు మీటర్లూ నిజమే చెప్పాయి. వాటికి అందిన కబురే తప్పు.

సీటు కింద కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఒక్కటి ఊడదీసి చూసుంటే నిమిషంలో తేలిపోయే వ్యవహారం అది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల బండ్లు, పక్కింటివాళ్ల బండ్లు చాలా చూశాను. మీటర్ బోర్డు నిజంగా చెడిపోయినవి అందులో తక్కువ. ఎర్త్, ఫ్యూజు, కప్లర్, సెన్సర్, ఈ నాలుగూ అయ్యాకే బోర్డు. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

ముల్లు వెనక ఏముంది

ఏ ముల్లు వెనకైనా కొలిచేది ఒకటి, మోసేది ఒకటి, చూపేది ఒకటి ఉంటాయి. ట్యాంక్ యూనిట్, టెంపరేచర్ సెన్సర్, స్పీడ్ సెన్సర్ కొలుస్తాయి. వైర్లూ కప్లర్లూ మోస్తాయి. ముల్లో, స్క్రీనో చూపిస్తుంది. ఈ మూడింటికీ కలిపి ఫ్యూజు గుండా వచ్చే కరెంటు, తిరిగి వెళ్లడానికి బాడీ ఎర్త్ కావాలి. తప్పు వీటిలో ఎక్కడుందో తేల్చడమే మన పని. బాగుచేయడం ఆ తర్వాత సంగతి, అది చాలాసార్లు ఐదు నిమిషాల పని.

మీ బండిలో ఏ రకం ముల్లు ఉందో ముందు తెలుసుకోండి. తాళం ఆన్ చేసి పెట్రోలు ముల్లు చూడండి. నిద్ర లేచినట్టు మెల్లగా, కొన్ని క్షణాలు తీసుకుని పైకి పాకితే అది బైమెటల్ రకం: లోపల రెండు లోహాల పట్టీ, దాని చుట్టూ చుట్టిన సన్నటి తీగ. తీగలో కరెంటు పారేకొద్దీ పట్టీ వేడెక్కి వంగుతుంది, ముల్లు లేస్తుంది. పాత బండ్లలో ఎక్కువగా ఇదే. అలాకాక ముల్లులన్నీ చకచకా లేచి, కొన్ని బండ్లలో చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తే, అది స్టెప్పర్ మోటారు రకం. ముల్లు వెనక చిన్న మోటారు, దాన్ని అడుగులు లెక్కపెట్టి తిప్పే చిప్పు ఉంటాయి. ఈ తేడా ఎందుకంటే, మొదటి రకానికి చేసే పరీక్షలు కొన్ని రెండో రకానికి చేస్తే ఉన్న రోగం పోకపోగా కొత్తది వస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటరు. మూడు నాలుగు వందలకు దొరికే మామూలుది చాలు. ఒక టెస్ట్ బల్బు: 12 వోల్టుల 3.4 వాట్ల చిన్న బల్బు, హోల్డరుకు రెండు వైర్లు, చివర మొసలి క్లిప్పులు. సొంతంగా చేసుకోవచ్చు. సన్నటి గీకుడు కాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, నాలుగైదు రకాల ఫ్యూజులు, ఒక టార్చి. 2013 తర్వాతి బండి అయితే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కూడా. బండి కంప్యూటరులోని అంకెలు, తప్పుల కోడ్లు ఫోనులో చూపించేది అది. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది ఆ ఏడాది ఏప్రిల్ నుంచే.

జాగ్రత్తలు రెండే, కానీ వాటితో ఆటలొద్దు. పసుపు రంగు కప్లర్లు, పసుపు గొట్టంలో పోయే వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి టెస్ట్ బల్బు గానీ ఓమ్‌లు కొలిచే మీటరు గానీ తగిలించకూడదు. రెండోది, పెట్రోలు ట్యాంకు మూత తీసిన చోట నిప్పురవ్వ పుట్టే ఏ పనీ చేయకూడదు. తలుపులన్నీ బార్లా తెరిచి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, అప్పుడు చేయి పెట్టాలి. మా వీధిలో ఒకాయన బీడీ నోట్లో పెట్టుకునే ట్యాంకు మూత విప్పేవాడు. ఆయనకు ఏమీ కాలేదు, అయినా నేను ఆ వైపు వెళ్లడం మానేశాను.

1. ముందు తాళం తిప్పి, చేతులు కట్టుకుని చూడండి

స్క్రూడ్రైవరు పట్టుకోకముందు చేయాల్సిన పని ఇది. తాళం ఆన్ చేయండి, ఇంజను స్టార్ట్ చేయకండి. ఆయిలు డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ, ఇంజను బొమ్మ, హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటే ఎర్ర బ్రేకు గుర్తు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలు వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలు తమను తాము పరీక్షించుకుని కొన్ని సెకన్లలో ఆరిపోతాయి. ఆయిలు, బ్యాటరీ దీపాలు ఇంజను అందుకున్నాకే ఆరాలి. ఫోనులో వీడియో తీసుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెలగాల్సిన దీపం అసలు వెలగకపోవడం కూడా తప్పే. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎయిర్‌బ్యాగు దీపం ఆరకుండా సతాయిస్తుంటే బల్బు పీకేసి అమ్మేసేవాళ్లున్నారు. తాళం తిప్పినప్పుడు ఒక్కసారైనా ఆ దీపం కనిపించకపోతే బేరం అక్కడే ఆపండి.

ఇక అసలు ప్రశ్న: పోయింది ఒక్కటా, అన్నీనా? ఒక్క ముల్లే తప్పు చూపుతుంటే దాని సొంత సెన్సర్, సొంత వైరు వైపు వెళ్లాలి. రెండు మూడు కలిసి పిచ్చిగా చేస్తుంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి, అంటే ఫ్యూజు, ఎర్త్, బోర్డు వెనక కప్లర్. పెట్రోలు ముల్లూ, వేడి ముల్లూ ఒకేరోజు చెడిపోయాయంటే రెండు సెన్సర్లూ ఒకేసారి చచ్చిపోయాయని అనుకోకండి. అలాంటి దురదృష్టం లోకంలో చాలా అరుదు.

ఇంకొక గుర్తు. ఇండికేటరు వేస్తే దాని టిక్కు టిక్కుకు తగ్గట్టు పెట్రోలు ముల్లు కూడా ఊగుతోందా? హెడ్‌లైట్లు వేస్తే వేడి ముల్లు జరుగుతోందా? అయితే ఇక వెతకక్కర్లేదు, ఎర్త్ లూజు. ఇండికేటరు కరెంటు తన దారి దొరక్క ముల్లు దారిలో తిరిగి వెళుతోంది.

2. కరెంటు, ఎర్త్

ముందు బ్యాటరీ. ఇంజను ఆపి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయే ముసలి బ్యాటరీ కొత్త బండ్లలో వింత వింత దీపాలన్నీ వెలిగిస్తుంది. ముల్లులు సున్నాకు పడి లేస్తాయి, గడియారం మొదటికొస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పూసిన పొడి వేడినీళ్లతో కడిగి బిగిస్తేనే సగం బండ్లు దారికొస్తాయి.

తర్వాత ఫ్యూజు. బయటికి పీకి కళ్లతో చూసి పెట్టేయడం చాలదు. వెంట్రుకంత చీలిక కంటికి కనపడదు. తాళం ఆన్‌లో ఉండగా, ఫ్యూజు తన చోటే ఉండగా, దాని నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీదా, ఒకదాని తర్వాత ఒకటి, టెస్ట్ బల్బు ఒక వైరు పెట్టండి. రెండో వైరు బాడీకి తగిలి ఉండాలి. రెండు చోట్లా సమానంగా వెలగాలి. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయినట్టు. రెండువైపులా వెలగకపోతే ఫ్యూజుకే కరెంటు రావట్లేదు, తాళం స్విచ్చు వైపు నడవండి. పోయిన ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి. ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. స్టీరియో, రివర్స్ కెమెరా, ఫాగ్ ల్యాంపులు అంటూ బయట వేయించినవాటి దగ్గర మొదట చూడండి. మీటరు ఫ్యూజులోంచే కరెంటు లాగి, వైరు గీకి, పైన టేపు చుట్టి వదిలేసి ఉంటారు. మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

ఎర్త్ కొలిచే పద్ధతి చాలామంది తప్పు చేస్తారు. ఓమ్‌లలో పెట్టి చూస్తే దాదాపు సున్నానే చూపిస్తుంది, బాగుందనుకుంటారు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఓమ్‌లలో బాగానే కనపడుతుంది. పని చేస్తున్నప్పుడు కొలవాలి. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర పిన్ను మీటర్ బోర్డు కప్లర్‌లోని ఎర్త్ వైరుకు వెనకనుంచి తగిలించండి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, వెనక అద్దం హీటరు అన్నీ వేయండి. 0.1 వోల్టు లోపు ఉంటే బంగారం. 0.3 దాటిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పు కూర్చుంది. ఎర్త్ స్క్రూలు సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద, ముందు తలుపుల పక్కన, కాలి దగ్గరి ప్లాస్టిక్ పలక వెనక ఉంటాయి. విప్పి, రింగునూ బాడీనీ గీకుడు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం వాజలిన్ రాయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాక ఈ పని ఎంత చేశామో లెక్కలేదు. మా బంధువుల బండి ఒకటి సీట్ల దాకా మునిగింది. ఆరబెట్టి, ఇంజను బాగుచేయించి, రెండు నెలలు బాగానే తిప్పారు. ఆ తర్వాత ఒక్కో ముల్లూ వాలిపోవడం మొదలైంది. కాలి దగ్గర పలక విప్పితే కప్లర్‌లోని రాగి పిన్నులు ఆకుపచ్చగా, నాచు పట్టిన మెట్లలా ఉన్నాయి. వేలితో తాకితే రెండు పిన్నులు పొడిగా రాలాయి. మునిగిన బండిలో తుప్పు తొందరపడదు, తీరిగ్గా పని చేసుకుంటుంది. అలాంటి బండి కొంటుంటే ముందు తివాచీ ఎత్తి కింద కప్లర్ ఒక్కటైనా విప్పి చూడండి.

పాత బండి ఉన్నవాళ్లకు ఒక మాట. 1960ల తర్వాతి బ్రిటిష్ డిజైన్లలో పెట్రోలు, వేడి ముల్లులకు 12 వోల్టులు నేరుగా ఇవ్వరు. మధ్యలో అగ్గిపెట్టెకంటే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది. అది కరెంటును ఆపుతూ ఇస్తూ సగటున 10 వోల్టులు పంపుతుంది. దానికి టెస్ట్ బల్బు పెడితే మిణుకు మిణుకుమంటూ వెలగాలి, అది జబ్బు కాదు. రెండు ముల్లులూ కలిసి ఎక్కువ చూపుతుంటే, బల్బు మిణకకుండా వెలుగుతుంటే, స్టెబిలైజరో దాని ఎర్తో పోయింది.

3. పెట్రోలు ముల్లు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

ట్యాంక్ యూనిట్ అంటే ఒక ఫ్లోట్, దానికి కడ్డీ, కడ్డీ చివర రెసిస్టెన్స్ పలక మీద జరిగే చిన్న కాంటాక్టు. ఫ్లోట్ లేస్తే రెసిస్టెన్స్ మారుతుంది. మారే దిక్కు కంపెనీని బట్టి ఉంటుంది. జపాన్ డిజైన్ల బండ్లలో ఎక్కువగా ట్యాంకు నిండితే ఓమ్‌లు తగ్గుతాయి. పాత జనరల్ మోటార్స్ బండ్లలో ఖాళీకి 0, నిండుకు 90 ఓమ్‌లు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పాత షెవర్లే మీద చేతులు పెడితే కింద చెప్పే పరీక్షలో ముల్లు తిరగబడి కదులుతుంది, కంగారుపడకండి.

వెనక సీటు కింద మూత (బాడీదే, ట్యాంకుది కాదు) ఎత్తితే కప్లర్ కనిపిస్తుంది. కొన్ని బండ్లలో ట్యాంకు దించాలి, అలాంటివి గ్యారేజీకి వదిలేయండి. తాళం ఆఫ్‌లో కప్లర్ ఊడదీయండి. తాళం ఆన్ చేసి ఒక నిమిషం ఆగి ముల్లు చూడండి. జపాన్ రకం అయితే ముల్లు ఖాళీకి పడిపోవాలి. పడిందంటే మీటరు మాట వింటోంది. పడకుండా ఎక్కడో ఆగితే, మధ్యలో వైరు బాడీకి తగులుతోంది, లేదా ముల్లే ఇరుక్కుంది.

ఇప్పుడు రెండో సగం. తాళం ఆఫ్ చేసి, వైరింగ్ వైపు కప్లర్‌లో ట్యాంక్ యూనిట్ సిగ్నల్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య 3.4 వాట్ల టెస్ట్ బల్బు తగిలించి, ఆ తర్వాతే తాళం ఆన్ చేయండి. రవ్వ ట్యాంకు దగ్గర పుట్టకూడదు, అందుకే ఆ వరస. బైమెటల్ రకంలో ముల్లు మెల్లగా నిండు వైపు నడవాలి. నడిస్తే వైరూ బాగుంది, మీటరూ బాగుంది, దొంగ ట్యాంకులోనే ఉన్నాడు. చాలామంది బల్బు లేకుండా వైరును నేరుగా బాడీకి తగిలిస్తారు. కొన్ని బండ్లు తట్టుకుంటాయి, కొన్నింట్లో ముల్లు లోపలి తీగ కాలిపోతుంది. బల్బు ఖరీదు పది రూపాయలు.

స్టెప్పర్ మోటారు రకం బండ్లలో ఈ బల్బు పరీక్ష చేయకండి. అక్కడ సిగ్నల్ వైరు కంప్యూటరు పెట్టెలోకి వెళుతుంది. కప్లర్ ఊడదీసి ముల్లు పడిందా లేదా చూడడం వరకు చాలు. మిగతాది ఓబీడీతో.

దొంగ ట్యాంకులో ఉన్నాడని తేలాక యూనిట్ వైపు కొలవాలి. కప్లర్ ఊడి ఉండగా యూనిట్ పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. నా బండిలో ఖాళీకి వంద పైచిలుకు, నిండుకు ఇరవై లోపు. మీ లెక్క మీ వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది. యూనిట్ బయటికి తీసి, పెట్రోలు ఒలికే చోటు నుంచి దూరంగా పెట్టి, ఫ్లోట్‌ను మెల్లగా కింది నుంచి పైకి ఎత్తుతూ మల్టీమీటరు మీద కన్నేసి ఉంచండి. అంకెలు జారుడుబల్ల మీద జారినట్టు వరసగా మారాలి. మధ్యలో ఒకచోట అంకె ఎగిరి 1 పడితే, అంటే లైను తెగినట్టు చూపితే, అక్కడ పలక అరిగిపోయింది. రోజూ సగం ట్యాంకుతో తిరిగేవాళ్ల బండిలో సరిగ్గా సగం దగ్గరే అరుగుతుంది. నల్లగా పట్టిన పొరైతే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. అరిగిపోతే యూనిట్ మార్చాల్సిందే.

ఫ్లోట్‌ను ఊపి చూడండి. లోపల గళగళమంటే పెట్రోలు దూరింది, ఇక అది తేలదు. ఎప్పుడూ ఖాళీ చూపే ముల్లుకు ఇదొక కారణం. బిగించేటప్పుడు రబ్బరు వాషరు పాతది వేయకండి, ఎండాకాలంలో బండంతా పెట్రోలు వాసన కొడుతుంది.

ఎగుడుదిగుడు రోడ్డు మీద ముల్లు కొంచెం కదలడం, వాలులో ఆపితే తప్పు చూపడం సహజం. వాటికి వైద్యం అక్కర్లేదు.

4. వేడి ముల్లు

ముందుగా ఒక హెచ్చరిక. ముల్లు ఎర్ర గీత దగ్గరుంటే మీటరును అనుమానించడం రెండో పని. బండి పక్కకు ఆపడం మొదటి పని. రేడియేటరు మూత చల్లారేదాకా తాకొద్దు, లోపలి ఒత్తిడికి మరుగు నీళ్లు మొహాన కొడతాయి. చల్లారాక కూలెంటు ఎంతుందో చూడండి. కూలెంటు బాగా తగ్గిపోతే సెన్సర్ నీళ్లలో కాక ఆవిరిలో వేలాడుతుంది. అప్పుడు ఇంజను ఉడికిపోతున్నా ముల్లు ప్రశాంతంగా కింద కూర్చోవచ్చు. ఇంజను పాడుచేసుకున్నవాళ్లలో కొందరి కథ ఇదే.

ముల్లు ఎప్పుడూ చల్లగానే చూపుతుంటే సెన్సర్ కంటే ముందు థర్మోస్టాట్‌ను, అంటే ఇంజను వేడెక్కాకే రేడియేటరుకు దారి తెరిచే వాల్వును చూడండి. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజను వేడెక్కదు, ముల్లు నిజమే చెబుతోంది. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసి రేడియేటరు పై గొట్టం మీద చేయి వేయండి. ఇంజను వేడెక్కేదాకా గొట్టం చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా ఉంటే వాల్వు మూసుకోవట్లేదు.

సెన్సర్ పరీక్షకు వంటింటి గిన్నె కావాలి. ఈ సెన్సర్‌కు వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. కంప్యూటరుకు కబురు పంపే మామూలు సెన్సర్ 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీలకు మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. దారం కట్టి గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి, కింద సన్న మంట వేసి చూడండి. ఓమ్‌లు ఎక్కడా ఎగరకుండా తగ్గుతూ రావాలి. ఆ గిన్నెను తిరిగి వంటింట్లో పెట్టకండి, నేను పెట్టి మాటలు పడ్డాను.

పాత రకంలో సెన్సర్ వైరు ఊడదీస్తే ముల్లు చల్లకు పడాలి. ఊడదీసినా వేడి వైపే ఉంటే ఆ వైరు ఇంజనుకు ఆనుకుని కాలి, బాడీకి తగులుతోంది. కొత్త బండ్లలో ఊడదీస్తే కంప్యూటరు అది తప్పని గుర్తించి రేడియేటరు ఫ్యాన్లు పూర్తిగా తిప్పేస్తుంది, ఇంజను దీపం వెలిగిస్తుంది. భయపడక్కర్లేదు, మళ్లీ తగిలించి ఓబీడీతో ఆ తప్పు కోడు చెరిపేస్తే సరి.

ఈమధ్య చాలా చిన్న కార్లలో వేడి ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, ఉడికితే ఎర్ర దీపం. ముల్లు ఉన్న చాలా బండ్లలో కూడా అది మధ్య గీత దగ్గర కావాలనే కదలకుండా ఆగుతుంది. నిజమైన డిగ్రీలు కావాలంటే ఓబీడీయే దిక్కు.

5. స్పీడు మీటరు

కేబులు బండ్లలో ముల్లు వణికితే, కిచకిచమంటే కేబులు ఎండిపోయింది. సున్నా దగ్గర పడుకుంటే తెగింది. గేరుబాక్సు వైపు కేబులు విప్పి, లోపలి తీగను వేళ్లతో తిప్పండి. మీటరు వైపు చివర కూడా తిరగాలి. తిరిగినా బండి నడిచేటప్పుడు ముల్లు లేవకపోతే గేరుబాక్సులోని ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగింది. గ్రీజు పల్చగా రాయండి, పైన జానెడు వదిలేయండి. లేదంటే గ్రీజు మీటరులోకి పాకి ముల్లును జిగురులా పట్టేస్తుంది.

మీటరు నిజం చెబుతోందా లేదా ఇంట్లోనే తేల్చవచ్చు. జపాన్ ప్రమాణం ప్రకారం కేబులు నిమిషానికి 637 చుట్లు తిరిగితే 60 కిలోమీటర్లు చూపాలి. వేగం మార్చుకోగల డ్రిల్లుకు కేబులు తీగ బిగించి సరైన దిక్కులో మెల్లగా తిప్పితే ముల్లు లేవాలి. దిక్కు తప్పితే ముల్లు సున్నా కిందికి నొక్కుకుంటుంది, వెంటనే ఆపండి.

సెన్సర్ బండ్లలో గేరుబాక్సు మీద మూడు వైర్ల సెన్సర్ ఉంటుంది: కరెంటు, ఎర్త్, సిగ్నల్. ముందు చక్రం ఒక్కటే జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, రెండో చక్రం నేల మీదే ఉంచండి. రెండూ ఎత్తితే ఒకటి ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది, సెన్సర్‌కు ఏమీ తెలియదు. గేరు న్యూట్రల్‌లో, తాళం ఆన్‌లో పెట్టి చక్రం మెల్లగా తిప్పుతూ సిగ్నల్ వైరు మీద వోల్టులు చూడండి. సున్నా, మళ్లీ 5 లేదా 12, మళ్లీ సున్నా, ఇలా కొట్టుకోవాలి. ఇంకా కొత్త బండ్లలో ఈ సెన్సరే ఉండదు, చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్లే వేగం చెబుతాయి. అందుకే ఏబీఎస్ దీపమూ, చచ్చిన స్పీడు ముల్లూ కలిసి వచ్చాయంటే చక్రం దగ్గరికి వెళ్లండి.

ఫోను జీపీఎస్ 80 చూపుతుంటే మీటరు 84 చూపితే అది తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటరు నిజమైన వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం నిజమైన వేగంలో పదోవంతు, దానికి 4 కలిపి అనుమతి ఉంది. అంటే 80కి 92 దాకా. కానీ షోకుకు పెద్ద టైర్లు వేయించుకుంటే మీటరు తక్కువ చూపుతుంది, అదీ అసలు ప్రమాదం.

6. దీపాలు

ఎర్ర ఆయిలు దీపం నడుస్తుండగా వెలిగితే ఇంజను ఆపండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనకండి. డిప్‌స్టిక్కు చూసి ఆయిలు ఉందని తేలాక, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు వైరు ఊడదీసి తాళం ఆన్ చేయండి. దీపం ఆరిపోతే వైరు బాగుంది, తప్పు స్విచ్చుదో నిజంగా ఒత్తిడి లేకపోవడమో. ఊడదీసినా వెలుగుతుంటే వైరు బాడీకి తగులుతోంది. స్విచ్చు మార్చి చూద్దాం అనే ముందు ఆ రంధ్రంలో మెకానికల్ గేజి బిగించి అసలు ఒత్తిడి ఎంతో కొలిపించుకోండి. ఆ స్విచ్చు అర బార్ లోపే దీపం ఆర్పేస్తుంది. దీపం ఆరిందంటే ఏదో కొంత ఒత్తిడి ఉందని మాత్రమే, సరిపడా ఉందని కాదు.

బ్యాటరీ దీపంలో ఒక తమాషా ఉంది. పాత బండ్లలో ఆ దీపం గుండానే డైనమోకు మొదటి కరెంటు అందుతుంది. బల్బు కాలిపోతే దీపం వెలగదు, కొన్నింట్లో డైనమో ఛార్జింగే మొదలుపెట్టదు. డైనమో విప్పించే ముందు తాళం ఆన్‌లో ఈ దీపం వెలుగుతోందా చూసుకుంటే ఒక బిల్లు మిగులుతుంది.

బ్రేకు దీపం ఆరకపోతే హ్యాండ్‌బ్రేకు స్విచ్చు, బ్రేకు ఆయిలు మట్టం చూడండి. ఆయిలు తగ్గిందంటే ఊరికే పోసేయకండి, ప్యాడ్లు అరిగాయేమో, లీకుందేమో చూడండి. ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతూ, దాంతోపాటు హారన్ కూడా మోగడం మానేస్తే స్టీరింగు కింద చుట్టుకునే రిబ్బను తీగ తెగినట్టు. అది మనం చేసే పని కాదు.

7. కొత్త బండ్లలో: ముందు అంకెలు, తర్వాత ముల్లు

ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోనులో లైవ్ డేటా తెరవండి. కంప్యూటరు వేగం 40 అంటోంది, కూలెంటు 90 డిగ్రీలు అంటోంది, ముల్లు మాత్రం సున్నా. అయితే సెన్సర్లు బాగున్నాయి, కబురు బోర్డుకు చేరడం లేదు, లేదా బోర్డే పోయింది. కంప్యూటరుకే అంకె తప్పుగా అందుతుంటే సెన్సరూ, దాని వైరూ. మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే, స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా సగం దారులు మూసేస్తుంది.

కోడ్లలో పీ0500 వేగానిది. పీ0460 నుంచి పీ0463 దాకా పెట్రోలు మట్టానివి. పీ0117, పీ0118 కూలెంటు సెన్సర్‌వి. యూ0155 వచ్చిందంటే మీటర్ బోర్డుతో మాటలు తెగిపోయాయని మిగతా కంప్యూటరు పెట్టెలు చెబుతున్నాయి. కోడు అంటే సెన్సర్ మార్చమని ఆజ్ఞ కాదు, ఏ లైనులో వెతకాలో చెప్పే చిరునామా.

మాటలు తెగిపోయాయని వస్తే క్యాన్ లైను, అంటే ఆ పెట్టెలు మాట్లాడుకునే జంట వైర్లు చూడాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి మామూలుగా 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. మధ్యలో కబుర్లు దాటించే గేట్‌వే పెట్టె ఉన్న బండ్లలో ఈ లెక్క వేరుగా రావచ్చు. ఎలుకలు కొరికిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. బ్యాటరీ కింద, ఫైర్‌వాల్ (ఇంజనుకూ లోపలి క్యాబిన్‌కూ మధ్య గోడ) దగ్గర వైర్ల కట్ట మీద పళ్ల గుర్తులు వెతకండి.

8. అప్పుడప్పుడూ వచ్చి పోయే తప్పు

గ్యారేజీకి తీసుకెళ్లగానే మాయమయ్యే రోగం ఇది. ఇంజను నడుస్తుండగా, ఒకరు ముల్లుల మీద కన్నేసి ఉంటే, రెండోవాళ్లు కప్లర్లు ఒక్కొక్కటీ పట్టుకుని మెల్లగా కదపాలి, వైర్ల కట్టను అక్కడక్కడ వంచాలి. ముల్లు పడిన చోటే తప్పు. మధ్యాహ్నం ఎండలోనే వస్తే హెయిర్ డ్రయ్యర్‌తో ఆ భాగాన్ని వేడి చేసి చూడండి. వానలోనే వస్తే అద్దం కింద నుంచి నీళ్లు ఎక్కడికి కారుతున్నాయో చూడండి. బోర్డు పైన అరచేత్తో తడితే దీపాలు వెలిగి ఆరుతుంటే, ఇక బోర్డు లోపలే.

9. అన్నీ అయ్యాకే బోర్డు విప్పండి

బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ముల్లులను చేత్తో తిప్పకండి, స్టెప్పర్ మోటారు పళ్లు విరుగుతాయి. లోపల రెండే చూడండి: కప్లర్ పిన్నుల కాళ్ల చుట్టూ సీసంలో గుండ్రటి చీలిక, పొంగిన కెపాసిటర్లు. భూతద్దంతో చూస్తే ఆ చీలిక జుట్టు పోగులా కనిపిస్తుంది. టంకం వేయడం వచ్చినవాళ్ల చేత మళ్లీ వేయిస్తే చాలు. స్టెప్పర్ మోటార్లే మూకుమ్మడిగా పోవడం కూడా ఉంది. 2003 నుంచి 2006 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ పికప్‌లలో ఈ జబ్బు పేరుమోసింది. అమెరికాలో మోటార్లు విడిగా కొని వేసుకునేవాళ్లున్నారు.

బోర్డు మార్చాల్సే వస్తే పాత కిలోమీటర్ల అంకెను ఫోటో తీసి, బిల్లు మీద రాయించుకోండి. కొత్త బండ్లలో బోర్డు బండి నంబరుకు జతకట్టి ఉంటుంది. కొన్నింట్లో తాళం గుర్తుపట్టే భాగం కూడా అందులోనే. స్క్రాప్‌లో తెచ్చి తగిలిస్తే బండి స్టార్టే కాకపోవచ్చు.

ట్యాంక్ యూనిట్ బాగుచేశాక నేను ఇంకొక పని చేశాను. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక బంకులో 5 లీటర్లు, మళ్లీ 5 లీటర్లు అలా పోయించుకుంటూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి ముల్లు ఎక్కడుందో కాగితం మీద గీసుకున్నాను. బంకు కుర్రాడు విసుక్కున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో ఉంది. కింది గీతకు ముల్లు ఆనినప్పుడు నా బండిలో ఇంకా 4 లీటర్లు ఉంటాయి.